2024–25 వార్షిక నివేదిక: చెత్త, నీళ్లు, కరెంటు

మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల పేపరు లిఫ్ట్ పక్కన బోర్డుకి అంటించాం, చూసుకోండి. పోయినేడు జనరల్ బాడీలో ఇళ్లల్లో వృథా తగ్గిద్దాం అని చేతులెత్తి మరీ ఒప్పుకున్నాం కదా, ఆ పనులు ఏమయ్యాయో ఇక్కడ చెప్తున్నాం.

ముందు చెత్త, ఎందుకంటే వాట్సాప్ గ్రూపులో సగం గొడవలు దానిమీదే. తడి, పొడి, ప్రమాదకరమైనవి మూడూ ఇంట్లోనే వేరు చేసి ఇవ్వాలని 2016లో వచ్చిన చెత్త రూల్స్‌లోనే చెప్పారు, మనమే పట్టించుకోలా. ఈ ఏడు వెనక గోడ పక్కన కంపోస్టు తొట్లు కట్టించాం, మొదట్లో కంపు కొట్టి గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు కిటికీలు మూసుకుని కూర్చున్నారు. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు తడితడిగా పోసేసి పైన పొడిదేమీ వెయ్యకపోతే గాలాడక కుళ్ళుద్ది, అంతే. ఇప్పుడు ఎంత తడి పడితే దాదాపు అంత ఎండాకో కొబ్బరి పీచో వేసి, వాచ్‌మన్ గడకర్రతో కలబెడతా ఉన్నాడు. గుప్పిట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి గానీ నీళ్లు ధారగా కారకూడదు, అదీ లెక్క. వాసన పోయింది, వచ్చిన ఎరువు కుండీలకి పట్టుకుపోతున్నారు కూడా.

ఇంక ఆదివారాల సంగతి. నెల్లూరోళ్లని చేపలు మానమని చెప్పే ధైర్యం ఈ కమిటీకి లేదు. పొలుసులు, మొప్పలు, రొయ్యల తలకాయలు తొట్లో పడితే పిల్లులు, పురుగులు, అందుకని కొబ్బరి చెట్ల దగ్గర లోతుగా గుంట తీసి వేసి మట్టి కప్పేయిస్తున్నాం. మార్కెట్లోనే బాగు చేయించుకుని స్టీల్ డబ్బాలో తెచ్చుకుంటే ఈ తిప్పలే ఉండవు. 120 మైక్రాన్ల కన్నా పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి నిషేధం, అయినా అడక్కుండానే చేతికొస్తా ఉన్నాయి, మనమే వద్దనాలి.

నీళ్లు: మన వైపు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కాబట్టి, అంతకుముందే ఇంకుడు గుంతలో పేరుకున్న ఒండ్రు తీయించి కంకర, ఇసుక మార్పించాం. ఆర్వో (తాగునీళ్లు శుద్ధి చేసే మిషను) నుంచి వదిలే నీళ్లు ఇల్లు తుడవటానికి, బాత్రూమ్‌కి వాడుకోండి, మొక్కలకి రోజూ పొయ్యొద్దు, వాటిలో ఉప్పు ఎక్కువ. ట్యాంకు పొర్లటం మీద ఇంతకుముందే చాలా మాట్లాడుకున్నాం, ఆటోమేటిక్ స్విచ్ పెట్టించాం, అయిపోయింది.

కరెంటు: మెట్ల దగ్గర, సెల్లార్లో అన్నీ ఎల్ఈడీలే ఇప్పుడు. ఇళ్లల్లో పాత ఫ్యాను 75 వాట్ల దాకా తింటే బీఎల్‌డీసీ అని వచ్చే తక్కువ కరెంటు మోటారు ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కలే, రోహిణి కార్తెలో రాత్రీ పగలూ తిరిగే ఊళ్లో ఇది చిన్న తేడా కాదు. ఏసీ 24 మీద పెట్టి పైన ఫ్యాను వేసుకుంటే సరిపోద్ది.

మిగిలిపోయింది సోలార్. 2024 ఫిబ్రవరిలో వచ్చిన సూర్యఘర్ అనే కేంద్ర ప్రభుత్వ సోలార్ పథకంలో ఇళ్లకైతే మూడు కిలోవాట్లకైనా, అంతకన్నా ఎక్కువకైనా 78,000 రూపాయల సబ్సిడీ, మనలాంటి అసోసియేషన్లకి కామన్ వాడకానికి కిలోవాట్‌కి 18,000. మేడ మీద బట్టలు ఆరేసుకునే చోటు పోద్దని కొందరి అభ్యంతరం, అదీ న్యాయమే, స్టాండ్లు ఎత్తుగా వేస్తే కింద దండేలు కట్టుకోవచ్చు గానీ ఖర్చు పెరుగుద్ది. రెండు కొటేషన్లు తెప్పించి పెట్టాం. వచ్చే మీటింగులో ఓటు పెడతాం, ఇంటికొకరు తప్పకుండా రండి.

– కార్యవర్గం తరఫున, కార్యదర్శి