మా మామయ్య కన్ను నిలబెట్టిన వాళ్ళకు

చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్ళందరికీ నమస్కారం. గూడూరు నుంచి వచ్చిన మా మేనమామకు కంటి విషయంలో సాయపడిన వాళ్ళకు నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి పేర్లు రాయడం లేదు.

మామయ్యకు చాలా ఏళ్ళుగా షుగర్. ఉన్నట్టుండి కుడికన్ను మసకబారింది. కంటి వెనక ఉండే పొర రెటీనా నుంచి రక్తాన్ని బయటికి తీసుకొచ్చే సిర మూసుకుపోయిందని ఊళ్ళోనే చెప్పారు. నొప్పి లేదు కదా, కోతలు అయ్యాక చూద్దాంలే అని ఆయన వాయిదా వేస్తుంటే మా ఆఫీసులో ఉండే నెల్లూరాయన ఊరుకోలేదు. డాక్టరు దగ్గర టైము తీసుకుని, పినాకినిలో దిగిన మామయ్యను సెంట్రల్ స్టేషన్ నుంచి తన బండిలోనే ఆసుపత్రికి తీసుకొచ్చాడు. అన్నా, ఆ రోజు నువ్వు తొందరపెట్టకపోతే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

ఆ తర్వాత డాక్టరమ్మ. నర్సు కంట్లో చుక్కలు వేయబోతుంటే, "ఆగండి, ముందు నేను చూడాలి" అన్నారు. ఎందుకో తర్వాత చెప్పారు. రెటీనాకు రక్తం అందకపోతే అది ఆక్సిజన్ కోసం అల్లాడి వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని వదులుతుంది. అది కంటి ముందు భాగానికి చేరి, కంటిపాప చుట్టూ ఉండే ఐరిస్ మీద కొత్త రక్తనాళాలను పుట్టిస్తుంది. అవి కంట్లో నీరు బయటికి పోయే మూలలోకి పాకి దారి మూసేస్తే ప్రెషర్ పెరిగిపోతుంది. మొండి రకం నీటికాసులు అది. విపరీతమైన నొప్పి, పోయిన చూపు తిరిగి రాదు. సిర మూసుకుపోయిన కళ్ళలో చాలావరకు మొదటి మూడు నాలుగు నెలల్లోనే ఈ ముప్పు ఎక్కువట. ఆ నాళాలు మొదట కనిపించేది పాప అంచున, వెంట్రుక కన్నా సన్నగా. చుక్కలు వేసి పాప విచ్చుకున్నాక ఆ అంచు ముడుచుకుపోతుంది, అవి కంటపడవు. పైగా మనవాళ్ళవి ముదురు గోధుమరంగు కళ్ళు. ఆ రంగులో ఎర్రటి సన్న గీత కలిసిపోతుంది.

డాక్టరమ్మకు ఒకచోట అనుమానం వచ్చింది. కంటికి లెన్స్ ఆనించి మూల కూడా చూశారు. అది ఇంకా తెరిచే ఉంది. వెంటనే ఐరిస్‌కు యాంజియోగ్రామ్, అంటే మందు ఎక్కించి రక్తనాళాలను ఫొటోలు తీసే పరీక్ష, రాశారు.

ఫొటోలు తీసిన అమ్మాయి గురించి ఎంత చెప్పినా తక్కువే. తిరుత్తణి వైపు తెలుగు. మామయ్య సూది అంటేనే బెదిరిపోతాడు. ఆ అమ్మాయి పక్కన కూర్చుని, అలర్జీలు ఉన్నాయా, కిడ్నీ పరీక్ష చేయించారా అని అడిగి, జరగబోయేదంతా ముందే చెప్పింది. "పెద్దాయనా, చేతికి పచ్చరంగు మందు ఎక్కిస్తాం. కాస్త వికారంగా ఉండొచ్చు. ఒళ్ళు పసుపుపచ్చగా అవుతుంది, మూత్రం కూడా పచ్చగా వస్తుంది, రేపటికి మామూలే. భయపడొద్దు." ఆయన గడ్డం ఆనించాక, వణుకుతున్న చేతిని తన చేత్తో పట్టుకునే ఉంది.

మందు చేతి నరం నుంచి కంటికి చేరడానికి పది పదిహేను సెకన్లు చాలు. నీలి వెలుతురు పడగానే ఆ మందు ఆకుపచ్చగా మెరుస్తుంది. తెరమీద నలుపూ తెలుపుల్లో చూశాం. ఆరోగ్యంగా ఉన్న ఐరిస్ నాళాల నుంచి మందు పెద్దగా కారదట. మామయ్య పాప అంచున ఒకచోట తెల్లటి చుక్క మొదలై, తడిగుడ్డ మీద సిరాలా చూస్తుండగానే పాకింది. కొత్త నాళాల గోడలు అంత పలచన. మామూలుగా చూస్తే అనుమానంగానే మిగిలిన గీత అక్కడ రుజువై కూర్చుంది.

ఫ్లోరెసిన్ అనే ఆ మందును 1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేశాడు. మనిషి కంటి నాళాలను దానితో ఫొటోలు తీసే పద్ధతిని అమెరికాలో నొవొట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు యువకులు 1961లో ప్రచురించారు. వాళ్ళకూ మా ఇంటి తరఫున ఒక నమస్కారం.

కంట్లో ఇంజెక్షన్ అప్పటికప్పుడే ఇచ్చారు, ఆపైన రెటీనాకు లేజర్ చేశారు. ఇంజెక్షన్ ఆ నాళాలను త్వరగానే ముడుచుకునేలా చేస్తుంది కానీ దాని బలం కొన్నాళ్ళే. అసలు కారణాన్ని అణచేది లేజర్ అని డాక్టరమ్మ తేల్చి చెప్పారు. తర్వాత వెళ్ళినప్పుడు మందు ఎక్కించకుండానే, ఓసీటీ యాంజియోగ్రఫీతో చూశారు. అది ఒకేచోట మళ్ళీమళ్ళీ స్కాన్ చేసి, కదిలే రక్తకణాలను బట్టి నాళాలను గీస్తుంది. మందు కారడం అందులో తెలియదు, కానీ పాప అంచున ఉన్న ఆ అల్లిక పలచబడటం మాకే కనిపించింది.

కుడికంటి చూపు మునుపటిలా రాలేదు. వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు కూడా. కానీ నొప్పి లేదు, ప్రెషర్ అదుపులో ఉంది, కన్ను నిలిచింది. ఎడమకన్నుతో మామయ్య పేపరు చదువుకుంటున్నాడు.

డాక్టరమ్మకు, ఫొటోల గదిలోని చెల్లెలికి, మా నెల్లూరన్నకు, వేళచ్చేరిలో తమ కింది గది మాకిచ్చి రోజూ పత్యం వంట చేసిపెట్టిన పిన్నిగారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మన వైపు నుంచి కంటి వైద్యానికి వచ్చి, భాష రాక ఇబ్బంది పడేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. శనివారాలు నాకు సెలవు, తోడు వస్తాను.