సైలెన్సర్ మార్చండి, లోపలి జల్లెడ జోలికి పోకండి

ఎడిటర్ గారికి,

పాత డీజిల్ కారు కింద నుంచి గుర్రుమని సౌండ్ మొదలైతే షెడ్డులో వినబడే జవాబులు మూడే. పొగ గొట్టం సెట్టు మొత్తం మార్చేయాలి సార్. లేదంటే, చిన్న అతుకు వేస్తే అయిపోతుంది సార్. మూడోది, లోపలున్న పొగ శుభ్రం చేసే జల్లెడ తీసేద్దాం సార్, పికప్ కూడా పెరుగుతుంది. చాలాసార్లు కారు కింద లైటు వేసి చూడకముందే ఈ మూడింట్లో ఒకటి వచ్చేస్తుంది. నా గొడవంతా ఆ మూడో దానితోనే, కానీ మొదటి రెండూ చెప్పకుండా దాని దగ్గరికి వెళ్లలేను, కాస్త ఓపిక పట్టండి.

పొగ గొట్టాన్ని తుప్పు బయటి నుంచే తింటుందని అనుకుంటాం, లోపలి నుంచి తినేది తక్కువేం కాదు. లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయంటే చాలామంది నమ్మరు. డీజిల్‌లో ఉన్న హైడ్రోజన్ మండి నీటి ఆవిరిగా బయటికి వస్తుంది, అంతే. దూరాలు తిరిగే బండిలో గొట్టం చివరిదాకా వేడెక్కి ఆ తేమంతా పోతుంది. రోజూ రెండు మూడు వీధులు తిరిగి ఇంటికొచ్చే బండిలో అయితే వెనక డబ్బా, అంటే సైలెన్సర్, వేడెక్కకముందే ఇంజిన్ ఆపేస్తాం, నీళ్లు అందులోనే నిలిచిపోతాయి, పొగలోని ఆమ్లాలు వాటికి తోడవుతాయి. డీజిల్ పొగ పెట్రోల్ పొగంత వేడిగా ఉండదు కాబట్టి ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. చాలా డబ్బాలకు ఆ నీళ్లు కారిపోవడానికని తయారీలోనే అడుగున ఒక బుల్లి చిల్లు పెడతారు. దాన్ని లీకనుకుని ఎంతో శ్రద్ధగా వెల్డింగ్ పెట్టి మూసేసిన వాళ్లను చూశాను!

మరి అతుకా, మార్పా? రేకు ఎంత మిగిలిందో చూస్తే తెలుస్తుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమంటే బలం ఉన్నట్టు, మొద్దుగా మోగి పొట్టు రాలితే లేనట్టు. మంచి గొట్టం మీద జాయింటు దగ్గర చిన్న పగులుంటే వెల్డింగ్ హాయిగా ఏళ్ల తరబడి ఉంటుంది, దానికోసం సెట్టంతా మార్చడం దండగ. చివికిన డబ్బాకు వెల్డింగ్ పెట్టడమంటే నలిగిపోయిన పాత గుడ్డకు మాసిక వేయడమే, కుట్టిన పక్కనే మళ్లీ చిరుగుతుంది. ఇక ఆ పేస్టులు, చుట్టే పట్టీలు ఇల్లు చేరేదాకా పనికొస్తాయి గానీ, పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బో దగ్గరి వేడికి నిలవవు. వెల్డింగ్ బండి మీదే పెట్టేటట్టయితే బ్యాటరీ నెగటివ్ వైరు తీయించండి, ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ పెట్టే చోటికి దగ్గరగా పట్టించమనండి, పక్కనే పోయే బ్రేకు పైపులు, డీజిల్ పైపులు ఎక్కడున్నాయో ముందు చూపించమనండి. అడిగితే కొందరికి చిరాకు వస్తుంది, రానివ్వండి.

డీజిల్ బండిలో ఒక సౌకర్యం ఏమిటంటే లీకు ఎక్కడుందో బండే రాసిపెడుతుంది. జాయింటు పక్కన నల్లటి మసి గీత కనిపిస్తే వెతుకులాట అయిపోయినట్టే. ఆ గీత వెనక డబ్బా దగ్గరుంటే సౌండ్ తప్ప పెద్ద నష్టం ఉండదు. టర్బోకి ముందుంటే కథ వేరు. టర్బోని తిప్పాల్సిన పొగ మధ్యలోనే పోతుంది, పికప్ పడిపోతుంది, నల్ల పొగ పెరుగుతుంది, ఆ పొగ చూసి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పేస్తారు. పైగా బానెట్ కింద లీకైన పొగ ఏసీ గాలితో పాటు లోపలికి వస్తుంది. డీజిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ తక్కువే, లేకపోలేదు, మసీ నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎలాగూ ఉంటాయి. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. వెనక సీట్లో పిల్లలు కూర్చునే బండిలో ఇది చిన్న విషయం కాదు.

ముందు వైపు, ఇంజిన్ ఊపుకి వంగేలా ఉండే అల్లిక పైపు సంగతి కూడా చెప్పాలి. మా బండికి అది కొత్తది వేయించిన కొన్నాళ్లకే మళ్లీ చిరిగింది. పైపు నాసిరకం అన్నారు, ఇంకొకటి వేశారు, అదీ అంతే. చివరికి వేరే మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆన్ చేసి ఆపమన్నాడు. ఆపిన క్షణంలో ఇంజిన్ ఒక పక్కకి ఎగిరిపడింది. ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు పోయింది, ఆ ఊపంతా పాపం ఈ పైపే మోస్తోంది. గొట్టాన్ని వేలాడదీసే రబ్బర్లూ అంతే, పాతవాటికే కొత్త గొట్టం తగిలిస్తే అదెక్కడో బాడీకి తగిలి మోగుతూనే ఉంటుంది. బిగించేటప్పుడు కూడా అన్నీ వదులుగా కూర్చోబెట్టి, వరస చూసుకుని, ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ పోవాలి.

ఇప్పుడు జల్లెడ. అంటే పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్, కొంచెం కొత్త బండ్లలో మసి పట్టే డీపీఎఫ్. అది మూసుకుపోతే బండి ఈడ్చుకుంటూ పోతుంది, నిజమే. తీసేస్తే తేలిగ్గా పరిగెడుతుంది, అదీ నిజమే. కానీ శుభ్రంగా ఉన్నప్పుడు కూడా అలాగే పరిగెత్తేది కదా! పికప్ పెరిగిందని సంబరపడేది, పోయిన పికప్ తిరిగొచ్చినందుకే. డీపీఎఫ్‌లో చేరిన మసి సుమారు 600 డిగ్రీల వేడిలో కాలిపోవాలి. దగ్గర దూరాలే తిరిగితే ఆ అవకాశం రాదు. కారే ఇంజెక్టరు, కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు ఇరుక్కుపోవడం, టర్బో నుంచి దిగే ఆయిల్, ఇవన్నీ దాన్ని త్వరగా నింపేస్తాయి. ఇంజిన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద అయితే ఎంత వేడికీ కాలదు, తక్కువ బూడిద వచ్చే ఆయిల్ వాడాలనేది అందుకే, అది నిండితే విప్పి శుభ్రం చేయించాలి లేదా మార్చాలి. కారణం వెతక్కుండా జల్లెడ పీకేస్తే ఆ ఇంజెక్టరు లోపల కారుతూనే ఉంటుంది. మసి మాత్రం వెనక స్కూటర్ మీద వచ్చేవాడి ముఖాన పడుతుంది. సెన్సర్లను మోసం చేయడానికి కంప్యూటర్ సెట్టింగులు మార్చడం ఇంకో తలనొప్పి, దాని గురించి రాస్తే ఈ ఉత్తరం అవ్వదు.

నల్ల పొగకు సైలెన్సర్ మార్చేవాళ్లకు ఒక్క మాట. నల్ల పొగంటే గాలి చాలలేదు, లేదా డీజిల్ ఎక్కువైంది. ముందు ఎయిర్ ఫిల్టరు, టర్బో రబ్బరు పైపులు చూడండి. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంటో, కాలని డీజిలో. వీటిలో దేనికీ కొత్త డబ్బా ఏం చేయలేదు.

షెడ్లవాళ్లను కోరేది ఇంతే. తీసిన పాత ముక్క ఓనరు చేతికివ్వండి, లీకు ఎక్కడుందో, ఎందుకు వచ్చిందో బిల్లు మీద ఒక వాక్యం రాయండి. ఎడిటర్ గారూ, మీ మోటార్ పేజీలో కొత్త మోడళ్ల ఫొటోలకు ఇచ్చే చోట్లో ఒక మూల వారానికోసారి ఇలాంటి పాత బండ్ల రిపేర్లకు ఇవ్వండి, రాసిపెట్టగల మంచి మెకానిక్‌లు చాలామందే ఉన్నారు, అడిగేవాళ్లే లేరు.

ఇట్లు,
ఒక పాత డీజిల్ కారు ఓనరు