కొత్త బోర్లు కాదు, ఉన్న బోర్లను కలపండి

వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఉమ్మడి అనంతపురం జిల్లా రైతుల తరఫున ఈ లేఖ రాస్తున్నాను.

ఒకప్పుడు ఎడ్లు లాగే కపిలతో, ఆ తర్వాత ఆయిల్ ఇంజన్లతో బావుల్లోంచి తోడుకున్న మేము ఇప్పుడు వెయ్యి అడుగుల లోతుకూ సబ్‌మెర్సిబుల్ మోటార్లు దింపుతున్నాం. 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం డ్రిప్పు ఇచ్చింది. 2004 నుంచి కరెంటు ఉచితం. మా చీనీ (బత్తాయి) తోటలు నిలబడింది వాటివల్లే, ఆ మేలు మరవలేం.

అయితే మా నేల కింద ఉన్నది గట్టి రాయి. రాతి పగుళ్లలో ఊరే కాసిన్ని నీళ్లే మాకు ఆధారం. ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూనే. ఒకరు కొత్త బోరు వేస్తే పక్క చేని బోరులో రెండించుల నీటి ధార ఇంచుకు పడిపోతుంది. ఆ రైతు అప్పు చేసి ఇంకా లోతుకు వేయిస్తాడు. నీళ్లు పడకపోయినా బోరు తవ్వే రిగ్గు వాళ్లకు డబ్బు కట్టాల్సిందే.

డ్రిప్పుతో నీళ్లు ఆదా అవుతాయన్నది నిజం. కానీ ఆదా అయిన నీటితో ఇంకో రెండెకరాలు సాగు చేస్తే భూమిలో మిగిలేదేముంది? ఇందులో రైతును తప్పుపట్టకండి సార్. తను వదిలేసిన నీళ్లను పక్క బోరు లాగేస్తుందని తెలిసి ఎవరు ఆగుతారు?

నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. బోరుకు అనుమతి, రిగ్గుకు రిజిస్ట్రేషన్ ఉండాలని అందులో ఉంది. పొలాల్లో మాత్రం రాత్రికి రాత్రే బోర్లు పడుతున్నాయి.

మా జిల్లాలోనే కొన్ని ఊళ్లలో రైతులు తమ బోర్లను పైపులైన్లతో కలుపుకున్నారు. బోరు లేని పొరుగు రైతుకూ ఒక తడి ఇస్తారు, కొత్త బోరు వేయబోమని అందరూ ఒప్పుకుంటారు. వేరుశనగ ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే ఆ ఒక్క తడే పంటను కాపాడుతుంది. నాకు కనిపిస్తున్న దారి ఇదొక్కటే.

అందుకే అడుగుతున్నాను: కొత్త బోర్లకు పెట్టే డబ్బును ఈ పైపులైన్లకు మళ్లించండి. బోర్లు కలుపుకున్న ఊళ్లకే డ్రిప్పు సబ్సిడీలో మొదటి వరస ఇవ్వండి. భూగర్భ జల శాఖ కొలిచే నీటిమట్టాన్ని ప్రతి నెలా పంచాయతీ గోడ మీద రాయించండి. వచ్చే ఖరీఫ్‌కు ముందే ఉత్తర్వులు వస్తే విత్తనం వేసేలోపు పైపులు పరుచుకుంటాం.

ఇట్లు,
ఒక చీనీ రైతు