కోడ్ ఒక్కటే చాలదు, కోత నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

సీఎన్‌సీ మెషీనింగ్ (కంప్యూటర్ ఆదేశాలతో నడిచే యంత్రాల మీద లోహాన్ని కోసే పని) కోర్సుల గురించి మీ పత్రిక చదువుల పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. చేతిపని మీద ఇష్టమున్న యువతను ఈ రంగంలోకి రమ్మని పిలిచినందుకు కృతజ్ఞతలు. అయితే అందులోని ఒక మాట నన్ను వదలడం లేదు. ప్రోగ్రామ్ ఎక్కించి బటన్ నొక్కితే మిగతాదంతా కంప్యూటరే చూసుకుంటుందని రాశారు. చాలా ఏళ్లు మిల్లింగ్ (తిరిగే పనిముట్టుతో కోసే), టర్నింగ్ (తిరిగే లోహాన్ని కోసే) మెషీన్ల మీద పనిచేసి, ఇప్పుడు కొత్తవారికి ఆ పనే నేర్పుతున్నాను. ఆ మాట నమ్మి వచ్చిన పిల్లలు మొదటి నెలలోనే ఎంత తికమకపడతారో చూస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మెషీన్‌ను నడిపే కంప్యూటర్‌కు, అంటే కంట్రోలర్‌కు తెలిసినవి స్థానం, వేగం. టూల్ (కోసే పనిముట్టు) ఇప్పుడు ఎక్కడుంది, ఎక్కడికి వెళ్లాలి, నిమిషానికి ఎన్ని మిల్లీమీటర్లు నడవాలి, స్పిండిల్ (తిరిగే ఇరుసు) ఎన్ని చుట్లు తిరగాలి, అంతే. వైస్‌లో బిగించింది అల్యూమినియమో స్టెయిన్‌లెస్ స్టీలో దానికి తెలియదు. జాబ్ (కోయాల్సిన లోహపు ముక్క) సరిగా కూర్చుందో లేదో కూడా తెలియదు. స్పిండిల్ మీద భారం పెరిగితే ఆగే ఏర్పాటు కొన్ని మెషీన్లలో ఉన్న మాట నిజమే. ఎంత భారం దాటితే ఆగాలన్నది మాత్రం మనిషే నిర్ణయించాలి.

ఈ యంత్రం పుట్టిన తీరే అలాంటిది. హెలికాప్టర్ రోటర్ బ్లేడ్ల పనిలో ఉన్న జాన్ పార్సన్స్, వంపు మీది బిందువులను ముందే లెక్కకట్టి టూల్‌ను వాటి గుండా నడిపించాలని ఆలోచించారు. ఆ దారిలోనే మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చిల్లుల టేపుతో నడిచే మిల్లింగ్ మెషీన్‌ను 1952లో ప్రదర్శించారు. దానితో తీరింది ఆకారం సమస్య. లోహం ఎలా తెగుతుంది, అంచు ఎందుకు అరుగుతుంది అన్న పరిశోధన అంతకన్నా పాతది. ఫ్రెడరిక్ టేలర్ ఏళ్ల తరబడి చేసిన కోత ప్రయోగాల ఫలితాలను 1906లోనే అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు పెట్టారు. మెషీనిస్టుకు ఈ రెండు విద్యలూ కావాలి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది టూల్ కదలికలకు వాడే జీ00, జీ01, జీ02 కోడ్‌ల అర్థాలు తడుముకోకుండా చెబుతారు. ఎం08 అంటే కూలెంట్ (చల్లబరిచే ద్రవం) అంటారు. టూల్ ఒక్కో పంటికి ఎంత లోహం అందుతోందని అడిగితే మాత్రం జవాబు ఉండదు.

అసలు విషయం ఆ ప్రశ్నలోనే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 10 మిల్లీమీటర్ల వ్యాసం, నాలుగు పళ్లు ఉన్న కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) ఎండ్ మిల్ (మిల్లింగ్ టూల్) తీసుకోండి. కోత వేగం నిమిషానికి 100 మీటర్లు అనుకుంటే స్పిండిల్ దాదాపు 3,180 చుట్లు తిరగాలి. ఒక్కో పన్ను 0.05 మిల్లీమీటర్ కోయాలంటే ఫీడ్ (టూల్ ముందుకు నడిచే వేగం) నిమిషానికి సుమారు 636 మిల్లీమీటర్లు. ఆ వేగం చూసి కొత్తవారు భయపడతారు. వెంటనే ఫీడ్ ఓవర్‌రైడ్ నాబ్‌ను 20 శాతానికి తిప్పేస్తారు. నెమ్మదిగా వెళితే టూల్‌కు మంచిదని వారి నమ్మకం.

ఆ నాబ్ తిప్పితే స్పిండిల్ వేగం తగ్గదు. పళ్లు అంతే జోరుగా తిరుగుతుంటాయి, ఒక్కో పంటికి అందేది 0.01 మిల్లీమీటర్‌కు పడిపోతుంది. ఎంత వాడిగా కనిపించే అంచు అయినా నిజానికి కొన్ని మైక్రాన్ల గుండ్రంతో ఉంటుంది. చిప్ (తెగి వచ్చే లోహపు పొట్టు) మందం ఆ గుండ్రానికి దగ్గరపడితే అంచు లోహంలోకి దిగదు, దాన్ని నొక్కుతూ రాసుకుంటూ పోతుంది. వేడిని మోసుకుపోవాల్సిన చిప్ సరిగా పుట్టదు కాబట్టి ఆ వేడి టూల్‌లోనూ జాబ్‌లోనూ మిగిలిపోతుంది. ఎదురుగా ఉన్నది 304 రకం స్టెయిన్‌లెస్ అయితే నష్టం ఇంకా ఎక్కువ. అలా రాపిడి తిన్న పైపొర గట్టిపడుతుంది, తర్వాతి పాస్‌లో టూల్ ఆ గట్టి పొరతోనే తలపడాలి. జాగ్రత్త అనుకుని చేసిన పనే టూల్‌ను తినేస్తుంది. దీన్ని తరగతి గదిలో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. రెండు ఫీడ్లలోనూ వచ్చిన చిప్‌లను పక్కపక్కన పెట్టి చూపిస్తే ఒక్కసారికే అర్థమవుతుంది.

పక్క కోత తగ్గినప్పుడు లెక్క మళ్లీ మారుతుంది. అదే ఎండ్ మిల్‌తో పక్క నుంచి 1 మిల్లీమీటర్ మాత్రమే తీస్తుంటే, ప్రోగ్రామ్‌లో పంటికి 0.05 అని ఉన్నా చిప్ అత్యధిక మందం 0.03 దగ్గరే ఆగుతుంది. మొదట అనుకున్న మందం రావాలంటే ఫీడ్‌ను 1,060 దాకా పెంచాలి. తక్కువ కోస్తూ ఎక్కువ వేగంగా నడపాలన్నది వినడానికి విడ్డూరంగా ఉంటుంది. టూల్ దారులను తయారుచేసే ఆధునిక క్యామ్ సాఫ్ట్‌వేర్లలోని వేగవంతమైన రఫింగ్ (మొదట ఎక్కువ లోహం తీసేసే) పద్ధతులు చాలావరకు దీని మీదే ఆధారపడ్డాయి. ఈ కారణం తెలియని ఆపరేటర్ ఆ ప్రోగ్రామ్‌ను చూడగానే నాబ్ మీద చెయ్యి వేస్తాడు.

కోత వేగం సంగతి వేరు. టేలర్ సూత్రం ప్రకారం టూల్ ఆయుష్షును అన్నిటికన్నా ఎక్కువగా తగ్గించేది కోత వేగమే. కార్బైడ్‌తో ఉక్కును కోసేటప్పుడు వేగాన్ని 20 శాతం పెంచితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోవచ్చు. ఫీడ్ ప్రభావం అంతకన్నా తక్కువ, డెప్త్ (కోత లోతు) ప్రభావం ఇంకా తక్కువ. పని త్వరగా కావాలంటే మెషీన్, జాబ్ తట్టుకున్నంత వరకు ముందు డెప్త్, తర్వాత ఫీడ్, చివరకే వేగం పెంచాలని పెద్దలు చెప్పేది అందుకే. ఒత్తిడి ఉన్న రోజున చాలా షాపుల్లో మొదట పెరిగేది స్పిండిల్ వేగమే కావడం నాకు బాధగా ఉంటుంది.

టూల్ ఏ వైపు నుంచి కోస్తోందన్నదీ నేర్పాలి. పళ్లు కోసే దిశలోనే జాబ్ కదిలే క్లైంబ్ మిల్లింగ్‌లో పన్ను మందంగా మొదలుపెట్టి పలుచగా ముగిస్తుంది. జాబ్ దానికి ఎదురుగా కదిలే కన్వెన్షనల్ పద్ధతిలో సున్నా మందంతో మొదలవుతుంది కాబట్టి దిగేముందు కాసేపు రాసుకుంటుంది. టేబుల్‌ను కదిపే స్క్రూలో వదులున్న పాత మెషీన్ల మీద క్లైంబ్ చేస్తే టూల్ జాబ్‌ను తన వైపు లాక్కునే ప్రమాదం ఉంది, అందుకే అప్పట్లో వద్దనేవారు. వదులు చాలా తక్కువగా ఉండే బాల్ స్క్రూలున్న సీఎన్‌సీల్లో ఆ భయం బాగా తగ్గింది కాబట్టి సాధారణంగా క్లైంబే మేలు. నిషేధం ఒక్కటే గుర్తుపెట్టుకుని కారణం మరచినవారు ఇప్పటికీ పిల్లలకు తలకిందులుగా నేర్పుతున్నారు.

కూలెంట్ విషయంలోనూ ఇలాగే గుడ్డి నమ్మకాలున్నాయి. ఉక్కు మీద కార్బైడ్‌తో మిల్లింగ్ చేసేటప్పుడు ప్రతి పన్నూ కోతలో వేడెక్కి, బయటికి రాగానే చల్లబడుతుంది. పైనుంచి కూలెంట్ పోస్తే ఆ తేడా ఇంకా పెరిగి అంచుకు పగుళ్లు వస్తాయి. అక్కడ చాలాసార్లు గాలి ఊదడమే మంచిది. టైటానియంకు వచ్చేసరికి కథ వేరు. అది వేడిని సరిగా ప్రవహించనివ్వదు కాబట్టి వేడంతా అంచు దగ్గరే పోగుపడుతుంది. దానికి వేగం తగ్గించి కూలెంట్‌ను ధారాళంగా ఇవ్వాలి.

టూల్‌ను పట్టుకునే హోల్డర్ నుంచి అది ఎంత బయటికి ఉందో చూడటం ఏ కోడ్ పుస్తకంతోనూ రాదు. బయటికి ఉన్న పొడవు రెట్టింపైతే అదే బలానికి టూల్ వంగడం ఎనిమిది రెట్లవుతుంది. ఉపరితలం మీద అలలు కనిపించగానే ప్రోగ్రామ్‌ను తప్పుపట్టే ముందు ఆ పొడవు చూడమంటాను.

ఇక ప్రాణాల మాట. లేత్‌లో (టర్నింగ్ మెషీన్‌లో) కోత వేగాన్ని స్థిరంగా ఉంచే జీ96 కోడ్ పెడితే వ్యాసం తగ్గేకొద్దీ కోత వేగం నిలబెట్టడానికి స్పిండిల్ చుట్లు పెరుగుతాయి. నిమిషానికి 150 మీటర్ల దగ్గర, 100 మిల్లీమీటర్ల వ్యాసం మీద 477 చుట్లు తిరిగేది, 10 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి 4,775కు చేరుతుంది. కేంద్రానికి ఇంకా దగ్గరైతే మెషీన్ చివరి హద్దు దాకా పోతుంది. చుట్లు పెరిగేకొద్దీ అపకేంద్ర బలం వల్ల జాబ్‌ను పట్టుకున్న చక్ దవడల పట్టు సడలుతుంది. అందుకే చాలా కంట్రోలర్లలో జీ50 కోడ్‌తో ముందుగా గరిష్ఠ హద్దు పెడతారు. ఆ ఒక్క వరుస ఎందుకుందో తెలియని విద్యార్థిని మెషీన్ ముందు నిలబెట్టకూడదు. తిరిగే స్పిండిల్ దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదన్నదీ, చిప్‌లను చేత్తో తీయకూడదన్నదీ మొదటి రోజే చెప్పాలి.

శిక్షణ సంస్థలకు నా విన్నపం ఒకటుంది. పరీక్షలో కోడ్‌ల అర్థాలు అడగండి, తప్పులేదు. దానితోపాటు ఒకే ఉక్కు కడ్డీని మూడు వేర్వేరు ఫీడ్లతో కోయించి, వచ్చిన చిప్‌లను విద్యార్థి ముందు పెట్టండి. ఏది ఏ ఫీడ్‌దో, ఎందుకలా వచ్చిందో చెప్పమనండి. పొడవుగా చిక్కుపడే తీగలా వచ్చిందా, చిన్న తునకలుగా తెగిందా, రంగు మారిందా చూసి చెప్పగలగాలి. కార్బైడ్‌తో కోసిన ఉక్కు చిప్ నీలంగా వస్తే వేడి దానితో బయటికి పోతోందని అనుకోవచ్చు. అదే నీలం, కార్బైడ్ అంత వేడిని తట్టుకోలేని హై స్పీడ్ స్టీల్ టూల్ దగ్గర కనిపిస్తే వేగం మితిమీరిందన్నమాట. ఈ తేడా చెప్పగలిగినవారికి మార్కులు ఇవ్వండి.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఈ కోర్సుల గురించి మళ్లీ రాసేటప్పుడు, చేరబోయే విద్యార్థి సంస్థను అడగాల్సిన ప్రశ్నలు వ్యాసంలో ఇవ్వండి. స్క్రీన్ మీద సిమ్యులేషన్ కాకుండా నిజమైన లోహం ఎన్ని గంటలు కోయిస్తారు? ఒక్కో మెషీన్ దగ్గర ఎంతమంది ఉంటారు? స్పీడ్, ఫీడ్ లెక్కలు ఎవరు నేర్పుతారు, వారు స్వయంగా మెషీన్ నడిపినవారేనా? ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు ఈ ప్రశ్నలు అడగాలి.

ఇట్లు,
ఒక సీఎన్‌సీ శిక్షకుడు