పాత ఫోన్‌కి కొత్త కెర్నల్ మంచిదే, కానీ సగం చెప్పి వదలొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ పేపర్లో యువత పేజీలో పాత స్మార్ట్‌ఫోన్‌కి కస్టమ్ కెర్నల్ (ఫోన్ అడుగున నడిచే సాఫ్ట్‌వేర్‌ని కంపెనీ కాకుండా బయటోళ్లు మార్చి చేసింది) వేస్తే స్పీడ్ పెరుగుతాది, చార్జింగ్ రెండింతలు నిలుస్తాది అని రాసినారు. ఆ కటింగ్ ఫోటో తీసుకొని పిల్లోళ్లు మా షాపుకి వస్తాండారు, "అన్నా, పేపర్లోనే వచ్చింది, మాకూ వేసియ్యి" అని. నేను అనంతపురంలో టవర్ క్లాక్‌కి దగ్గర్లో ఫోన్లు రిపేర్ చేస్తా, అడిగినోళ్లకి ఈ కెర్నల్ పని కూడా చేసిస్తా. ఆ పని మంచిదే, ఇంకా పదిమంది నేర్చుకోవల్ల అనుకునేవాణ్ణి. అందుకే రాస్తాండా. మంచి మాత్రమే చెప్పి మిగతాది దాస్తే ఫోన్ చెడగొట్టుకున్న పిల్లోడు మళ్లీ ఆ జోలికి పోడు, వాళ్ల నాయన పోనియ్యడు, చివరికి ఆ పనికే చెడ్డపేరు.

అసలు కెర్నల్ ఏం చేస్తాదో మీ వ్యాసంలో లేనే లేదు. ఆండ్రాయిడ్ ఏ కంపెనీ ఫోన్‌లో ఉన్నా దాని అడుగున ఉండేది లినక్స్ కెర్నల్, 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ చదువుకునే రోజుల్లో మొదలుపెట్టిందే, ఇప్పటికీ లోకమంతా కలిసి రాస్తాండారు దాన్ని. మనం స్క్రీన్ మీద చూసే మెనూలు, యాప్‌లు అన్నీ పైపైన ఉండేవి. ప్రాసెసర్‌కి పని పంచేది, మెమరీ చూసుకునేది, కెమెరా, వైఫై, చార్జింగ్ చిప్పులతో మాట్లాడేది కెర్నల్. దాంట్లో గవర్నర్ అని ఒకటి ఉంటాది, ప్రాసెసర్ ఏ నిమిషంలో ఎంత స్పీడ్‌లో నడవల్లో అది చెప్తాది. మా హెచ్చెల్సీ కాలువ మీద లష్కరు ఏ తూముకి ఎప్పుడు ఎంత నీళ్లు వదలల్లో చూసుకుంటాడే, అట్ల. కాలువలో నీళ్లు అవే, వదిలే పద్ధతిని బట్టే కింద చేను తడిసేదీ ఎండేదీ.

ఉదాహరణకి రెడ్‌మీ నోట్ 5 ప్రో తీసుకోండి, 2018లో మన ఊళ్లో ఎవరి చేతిలో చూసినా అదే ఉండేది, ఇప్పటికీ వస్తానే ఉంటాయి షాపుకి. స్నాప్‌డ్రాగన్ 636, ఎనిమిది కోర్లు, నాలుగు 1.8 గిగాహెర్ట్జ్‌వి, ఇంకో నాలుగు 1.6 గిగాహెర్ట్జ్‌వి, 4000 ఎంఏహెచ్ బ్యాటరీ. వాట్సాప్, యూపీఐ, యూట్యూబ్ చూసుకునేదానికి ఆ చిప్పు ఈరోజుకీ చాలు. కంపెనీ దాన్ని 4.4 వెర్షన్ కెర్నల్‌తో అమ్మింది, ఆ 4.4 కి లినక్స్ వాళ్ల మెయిన్ సపోర్ట్ 2022 ఫిబ్రవరితో ఐపోయింది. ఊరు పేరు తెలియని పిల్లోళ్లు ఎక్కడెక్కడో కూర్చొని అదే ఫోన్‌కి ఇంకా కొత్తదైన 4.19 కెర్నల్ నడిపించినారు, రూపాయి తీసుకోకుండా. ఆ మాట తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తాది.

పాత ఫోన్లలో ఎక్కువగా ఇంటరాక్టివ్ అనే గవర్నర్ ఉండేది, వేలు తగిలీ తగలకముందే స్పీడ్‌ని ఎగదోసేది, ఆ తర్వాత నిదానంగా దించేది. 2016లో లినక్స్ 4.7 లో షెడ్‌యుటిల్ అని కొత్తది వచ్చింది, ఇది పని పంచే షెడ్యూలర్‌నే నేరుగా అడిగి ఎంత కావల్లో అంతే ఇస్తాది. ఇంక వోల్టేజ్ సంగతి. ప్రాసెసర్ తాగే పవర్ వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతాది, అంటే స్పీడ్ కదిలియ్యకుండా వోల్టేజ్ పది శాతం తగ్గిస్తే పని చేసేటప్పుడు అది తినేది లెక్క ప్రకారం 19 శాతం తగ్గుతాది, ఇది ఇంటర్ ఫిజిక్స్ చదివినోళ్లకి అర్థమయ్యేదే. ఐతే ఒకే మోడల్‌లో కూడా ఒక చిప్పు తట్టుకున్నంత ఇంకోటి తట్టుకోదు, ఎక్కువ తగ్గిస్తే ఫోన్ మాట్లాడతా మాట్లాడతానే రీస్టార్ట్ అయితాది. పక్కింటోడి ఫోన్‌లో సెట్టింగు చూసి కాపీ కొట్టేవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు.

మరి రెండింతలు ఎట్ల వస్తాది? రాదు. ఫోన్‌లో చార్జింగ్‌ని ఎక్కువ తినేవి స్క్రీన్, సిగ్నల్. కెర్నల్ ప్రాసెసర్ భాగంలో మిగిలిస్తాది అంతే. కళ్యాణదుర్గం పక్క పల్లెల్లో, రాయదుర్గం పక్క కొండల మధ్యలో టవర్ సరిగా అందని చోట ఫోన్ సిగ్నల్ కోసం గట్టిగా అరిచినట్టు పవర్ పెంచుకుంటా ఉంటాది, ఆ ఖర్చుని ఏ కెర్నలూ తగ్గియ్యలేదు. నిజంగా తేడా కనపడేది ఎక్కడంటే, రాత్రి 90 శాతంతో పెట్టి పడుకుంటే తెల్లారేసరికి 60కి దిగే ఫోన్లలో. అది వేక్‌లాక్‌ల పని, అంటే ఏదో ఒక యాప్ గానీ వైఫై డ్రైవర్ గానీ ఫోన్‌ని నిద్రపోనియ్యదు. బెటర్ బ్యాటరీ స్టాట్స్ లాంటి యాప్ పెట్టి ఒక రాత్రి వదిలేస్తే పొద్దున వరసగా కనపడతాయి, ఎవరు ఎన్ని గంటలు మేల్కొల్పినారో. చాలాసార్లు పిల్లోళ్లు ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన గేమ్ యాప్ ఒకటి తీసేస్తే సరిపోతాది, కెర్నల్ దాకా పోయే పనే ఉండదు. డ్రైవర్ వల్ల ఐతే మాత్రం వేక్‌లాక్ బ్లాకర్ ఉండే కస్టమ్ కెర్నల్ బాగా పనిచేస్తాది, కాకపోతే అది కూడా చూసుకొని ఆపల్ల, తెలీకుండా ఆపితే వాట్సాప్ మెసేజ్‌లు రెండు గంటలు లేటుగా వస్తాయి.

ఇంకొక మాట, బ్యాటరీయే ముసలిదైతే కెర్నల్ ఏం చేస్తాది? బుక్కరాయసముద్రం మండలం నుంచి ఉపాధి పనిలో మేట్‌గా (కూలోళ్ల హాజరు చూసుకునే మనిషిగా) చేసే అక్క ఒకామె వచ్చింది. ఎన్ఎంఎంఎస్ అనే హాజరు యాప్‌లో పని దగ్గర రోజుకి రెండు సార్లు కూలోళ్ల ఫోటో తీసి ఎక్కియ్యల్ల కదా, 2023 జనవరి నుంచి అది అందరికీ తప్పనిసరి చేసినారు, ఫోటో ఎక్కకపోతే ఆ రోజు హాజరు ఇబ్బందే. ఆమె ఫోన్ 35 శాతం ఉండగానే కెమెరా తెరిస్తే ఆరిపోతాంది. "వాళ్ల తమ్ముడు చెప్పినాడు అన్నా, కెర్నల్ వేస్తే నిలబడతాదంట" అనింది పక్కనున్న పిల్ల. నేను వెనక మూత తీసి చూస్తే బ్యాటరీ ఉబ్బి మూతనే తోస్తాంది. "అక్కా, ఇది కెర్నల్ పని కాదు, బ్యాటరీ మార్చల్ల" అని చెప్పి మార్చినా, ఆరిపోయేది ఆగింది. బ్యాటరీ అరిగితే లోపల రెసిస్టెన్స్ పెరుగుతాది, కెమెరా ఒక్కసారిగా కరెంటు లాగేసరికి వోల్టేజ్ పడిపోయి ఫోన్ ఆరిపోతాది, అంతే సంగతి. లిథియం బ్యాటరీ కొన్ని వందల సార్లు నిండా చార్జ్ చేసి వాడితే ఎట్లైనా తగ్గుతాది, సాఫ్ట్‌వేర్ దాన్ని వెనక్కి తేలేదు. మీ వ్యాసంలో ఈ ఒక్క లైన్ ఉన్నింటే ఎంతమందికి మేలు అయ్యుండేదో.

మన ఎండల సంగతి కూడా మీ వ్యాసంలో రాలేదు, బెంగళూరులో ఏసీ గదిలో కూర్చొని రాసినట్టుంది, ఏమనుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో మనకి 42, 43 డిగ్రీలు మామూలు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు, బండి మీద పెట్టుకున్న ఫోన్ ఆ వేడిని ఉత్తపుణ్యానికే దాటుతాది. గేమింగ్ కెర్నల్ అని కొన్ని వస్తాయి, ఫోన్ వేడెక్కితే స్పీడ్ తగ్గించే థర్మల్ కంట్రోల్‌నే తీసేస్తాయి, పబ్జీ గేమ్‌లో బొమ్మ ఆగి ఆగి రాకుండా. చలి దేశాల్లో ఏమో గానీ అనంతపురంలో, కర్నూల్లో, కడపలో అట్లాంటిది ఎండాకాలం పూట వేసేది నేను ఒప్పుకోను, ఎంత డబ్బులు ఇస్తామన్నా వెయ్యను. దానికి బదులు చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే సౌకర్యం ఉండే కెర్నల్ వేసుకోండి, రాత్రంతా ప్లగ్గులో పెట్టి పడుకునేవాళ్ల బ్యాటరీకి అది నిజంగా ఆయుష్షు.

ఇప్పుడు అసలైన నష్టం. కెర్నల్ మార్చల్లంటే ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే మొదట నడిచి కెర్నల్‌ని లేపేది) అన్‌లాక్ చేయల్ల, అన్‌లాక్ చేసిన క్షణం ఫోన్‌లో ఉండేదంతా తుడిచిపెట్టుకుపోతాది, ఇది దొంగలు ఎత్తుకుపోయిన ఫోన్‌లో నుంచి మన డేటా తీయకుండా పెట్టిన ఏర్పాటు, తప్పేం కాదు. పెళ్లి ఫోటోలు, చచ్చిపోయిన అవ్వ మాట్లాడిన వాయిస్ మెసేజ్‌లు, అన్నీ పోతాయి. ముందే కాపీ పెట్టుకోమని చెప్పకుండా మూడు వందలు తీసుకొని అన్‌లాక్ చేసే షాపులు ఉన్నాయి, చెప్పేదానికి సిగ్గుగా ఉంది కానీ ఉన్నాయి. ఆ తర్వాత గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ చెక్‌లో (ఫోన్ సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా మార్చినారా అని చూసే పరీక్షలో) ఫోన్ తప్పుతాది, చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు, కొన్ని ఫోన్లలో సినిమా యాప్‌లు హెచ్‌డీలో చూపియ్యవు. శాంసంగ్‌లో ఐతే నాక్స్ అనే వాళ్ల భద్రత ఏర్పాటుకి చిప్పులో ఉండే ఫ్యూజ్ కాలిపోతాది, మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసినా అది తిరిగి రాదు. కాబట్టి ఒకే ఫోన్ ఉండి, దాంట్లోనే ఇంటి లావాదేవీలన్నీ నడిచేవాళ్లు ఈ పని చేసుకోవద్దు, నేను మొహం మీదే చెప్పి పంపిస్తా. ఇంట్లో పక్కన పడేసిన రెండో ఫోన్ ఉంటే దాని మీద నేర్చుకోండి. పని మొదలుపెట్టే ముందు ఫోన్‌లో ఇప్పుడుండే బూట్ ఇమేజ్‌ని (కెర్నల్ ఉండే ఫైల్‌ని) కంప్యూటర్లో దాచుకోండి, కొత్తది బూట్ కాకపోతే ఫాస్ట్‌బూట్‌లో (ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించి సాఫ్ట్‌వేర్ ఎక్కించే మోడ్‌లో) పాతదాన్నే మళ్లీ ఎక్కిచ్చుకోవచ్చు. మోడల్ పేరు చూసి సరిపెట్టుకోవద్దు, కోడ్‌నేమ్ (కంపెనీ లోపల పెట్టుకున్న పేరు) చూసుకోండి, నోట్ 5 ప్రో కి వైరెడ్ అని ఉంటాది, దానికోసం చేసిందే వెయ్యల్ల. అదే ఫోన్‌లో 2018లో యాంటీ రోల్‌బ్యాక్ అని, పాత సాఫ్ట్‌వేర్‌కి దిగనియ్యని ఏర్పాటు వచ్చింది, తెలీక పాత వెర్షన్‌కి దిగినోళ్ల ఫోన్లు ఎన్నో ఆన్ కాకుండా ఇటుకలైపోయినాయి.

ఇన్ని కష్టాలు చెప్పినా కదా, మరి ఈ పని బతకల్ల అని ఎందుకు అంటానంటే, ఫోన్ కంపెనీలు మన చేత మంచి ఫోన్లని పారేయిస్తాండారు. చాలా తక్కువ రేటు ఫోన్లకి రెండు మూడేళ్లకే అప్‌డేట్లు ఆపేస్తారు. కెర్నల్‌లో దొంగలు దూరేదానికి సందిచ్చే పెద్ద పెద్ద బొక్కలు బయటపడతా ఉంటాయి, 2016లో డర్టీ కౌ అని బయటపడింది, అది 2007 నుంచే లోపల ఉండిందంట. అట్లాంటివి పూడ్చల్లంటే అప్‌డేట్ రావల్ల, కంపెనీ ఇయ్యకపోతే ఇంకెవరో ఒకరు సోర్స్ కోడ్ (ప్రోగ్రామ్ రాసిన అసలు రాత) తీసుకొని పూడ్చల్ల. ఆ సోర్స్ కోడ్ ఇచ్చేది కంపెనీల దయ కాదు. లినక్స్ కెర్నల్ జీపీఎల్ అనే, కోడ్‌ని దాచకుండా పంచుకోవల్ల అనే లైసెన్స్ రెండో వెర్షన్ కింద ఉంది, ఫోన్ అమ్మినోడు దాంతోపాటు సోర్స్ అన్నా ఇయ్యల్ల, లేదంటే అడిగినోళ్లకి ఇస్తామని కనీసం మూడేళ్లు చెల్లే రాతపూర్వక మాట అన్నా ఇయ్యల్ల. కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని ఫోన్ పాతబడినాక ఇస్తాయి, కొన్ని ఇచ్చినా కంపైల్ కాని (ఫోన్‌లో నడిచే ప్రోగ్రామ్‌గా మారని) ముక్కలు ఇస్తాయి. అన్‌లాక్‌కి కూడా అంతే, ఒక కంపెనీ వారం ఆగమంటాది, ఇంకో కంపెనీ అసలు తెరవనే తెరవదు. డబ్బులిచ్చి కొన్న ఫోన్ మనది కాకుండా ఎట్ల పోతాది?

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి రూల్ పెట్టినారు, అమ్మకం ఆగినాక కూడా కనీసం ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇయ్యల్ల, స్పేర్ పార్టులు ఏడేళ్లు దొరకల్ల, బ్యాటరీ 800 సార్లు చార్జ్ చేసినాక కూడా 80 శాతం నిలవల్ల అని. మన దేశంలో వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, ఫోన్లకి రిపేరబిలిటీ ఇండెక్స్ (ఏ ఫోన్ ఎంత సులభంగా రిపేర్ అయితాదో చెప్పే మార్కులు) కోసం 2024లో కమిటీ కూడా వేసింది. మంచిదే. కానీ ఆ ఇండెక్స్‌లో స్క్రూలు విప్పేది, బ్యాటరీ మార్చేది మాత్రమే లెక్కేస్తే చాలదు, వారంటీ ఐపోయినాక అన్‌లాక్ ఇస్తారా లేదా, కెర్నల్ సోర్స్ ఫోన్ మార్కెట్‌లోకి వచ్చిన రోజే ఇచ్చినారా లేదా అనేదానికి కూడా మార్కులు ఉండల్ల. ఇది మీలాంటి పేపర్ వాళ్లు రాస్తేనే ఢిల్లీలో ఎవరైనా చూస్తారు, మా షాపు బల్ల మీద నుంచి నేను అరిస్తే వినపడదు.

బ్యాంకుల గురించి కూడా అడగండి. అన్‌లాక్ చేసిన ప్రతి ఫోనూ దొంగ ఫోన్ కాదు. అప్‌డేట్ ఆగి ఐదేళ్లైన, నిండా బొక్కలుండే ఫోన్‌లో బ్యాంకు యాప్ నడుస్తాది, కొత్త కెర్నల్ వేసి ఆ బొక్కలు పూడ్చిన ఫోన్‌లో నడవదు. ఇది ఏం న్యాయమో నాకు అర్థం కాదు, భద్రత కోసమే ఐతే ముందు ఆపాల్సింది ఆ మొదటి ఫోన్‌ని.

ఇక్కడ జేఎన్టీయూ ఉంది, ఎస్కే యూనివర్సిటీ ఉంది, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు పరీక్షకి బట్టీ కొట్టేకన్నా, ల్యాబ్‌లో ఒక పాత ఫోన్ ఇచ్చి సోర్స్ నుంచి కెర్నల్ కంపైల్ చేసి బూట్ చేపిస్తే ఆ పిల్లోళ్లకి జీవితాంతం గుర్తుంటాది. నా దగ్గరికి వచ్చే వాళ్లలో ఒకరిద్దరు అట్ల సొంతంగా నేర్చుకున్నోళ్లే, లాప్‌టాప్ తెచ్చుకొని షాపులో స్టూలు మీద కూర్చొని ఎర్రర్లు ఒక్కొక్కటే చదువుతా ఉంటారు, వాళ్లని చూస్తే ముచ్చటేస్తాది.

దయచేసి ఈ విషయం మీద ఇంకోసారి రాయండి. రాసేటప్పుడు రెండింతలు అనే మాట తీసేయండి, ఫోన్‌లో డేటా మొత్తం పోతాది, బ్యాంకు యాప్‌లు ఆగొచ్చు అనే రెండు మాటలు హెడ్డింగ్ కిందనే పెద్ద అక్షరాల్లో పెట్టండి, లోపల ఎక్కడో చివర్లో కాదు.

ఇట్లు,
ఒక మొబైల్ రిపేర్ పనివాడు,
అనంతపురం