గ్రైండర్ జామ్ అయ్యేది ఒకచోట, మీరు క్లీన్ చేయమనేది ఇంకోచోట

కస్టమర్ కేర్ వాళ్లకి, వీలైతే ఆ మెషీన్ డిజైన్ చేసినవాళ్లకి కూడా,

నమస్తే అండీ.

విషయం: కాఫీ గ్రైండర్ పదేపదే జామ్ అవ్వడం, చెయ్యని సర్వీసుకి డబ్బులు తీసుకోవడం, పైగా వారంటీ లేదనడం.

మీ కోనికల్ బర్ గ్రైండర్ గురించి, అదే, శంకువు ఆకారంలో పళ్లున్న రెండు బర్‌ల మధ్య కాఫీ గింజల్ని నలిపే మెషీన్ గురించి రాస్తున్నా. టికెట్ మీద టికెట్ వేశాను, ప్రతిసారీ మీ సమస్య పరిష్కరించబడింది అని ఒక మెసేజ్ వస్తుంది, టికెట్ క్లోజ్ అయిపోతుంది, సమస్య మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. అందుకే ఈసారి చాట్‌లో ముక్కలు ముక్కలుగా కాకుండా మొత్తం ఒకేచోట రాస్తున్నా, పొడుగైందని పక్కన పడెయ్యకుండా చివరిదాకా చదవండి, ముఖ్యంగా మీ సర్వీస్ సెంటర్ సంగతి రాసిన చోట.

కొన్న కొత్తలో బాగానే పనిచేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి, పొడి అంతా ఒకే సైజులో పడేది, సౌండ్ కూడా తక్కువే. కొన్ని నెలలు పోయాక పొడి పడడం తగ్గింది. 18 గ్రాముల గింజలు వేస్తే 15 గ్రాముల పొడి కూడా రావట్లేదు, మిగతాదంతా లోపలే ఉండిపోతోంది. తర్వాత మోటార్ సౌండ్ మారింది, బొంగురుగా మూలుగుతోంది, పడిన కాస్త పొడి కూడా వెచ్చగా తగులుతోంది, ఆఖరికి టక్‌మని ఆగిపోవడం మొదలుపెట్టింది. కాసేపు వదిలేస్తే మళ్లీ తిరుగుతుంది, కొన్ని సెకన్లకే మళ్లీ ఆగుతుంది. ఇది మోటార్ పాడవ్వడం కాదని నాకు తెలుసు, లోడ్ ఎక్కువై మోటార్ వేడెక్కితే కాలిపోకుండా కరెంట్ కట్ చేసే థర్మల్ స్విచ్ ఉంటుంది, చల్లబడగానే అదే మళ్లీ కలుస్తుంది, మీ మాన్యువల్లోనే రాశారు. మీ కస్టమర్ కేర్ ఆవిడ మాత్రం "ఇప్పుడు ఆన్ అవుతోంది కదండీ, అయితే ప్రాబ్లం లేనట్టే" అన్నారు. ఆ టికెట్ కూడా అక్కడితో క్లోజ్.

సరే, మాన్యువల్లో క్లీనింగ్ పేజీ ఉంది కదా, అందులో ఉన్నది ఉన్నట్టు చేశాను. హాపర్‌లో, అంటే పైన గింజలు పోసే డబ్బాలో, ఉన్న గింజలు తీసేసి, లోపల మిగిలినవి ఖాళీగా తిప్పి బయటికి పంపేసి, ప్లగ్ పీకి, పై బర్ విప్పి తీసి, బ్రష్‌తో పళ్ల సందులన్నీ దులిపి, కింది బర్ చుట్టూ వాక్యూమ్ పెట్టి లాగి, మూలల్లో అంటుకున్నది చెక్క టూత్‌పిక్‌తో గీకి తీశాను. నీళ్లు తగలనివ్వలేదు, బర్‌లు స్టీలువి, తడిస్తే తుప్పు పడతాయి. బర్‌లు చూస్తే పదునుగానే ఉన్నాయి, రాయి గానీ ఇంకేదైనా గానీ ఇరుక్కోలేదు. మళ్లీ బిగించి గింజలు వేసి తిప్పితే అదే మూలుగు, అదే ఆగిపోవడం. గొంతులో ముద్ద ఇరుక్కుంటే పళ్లు తోముకోమన్నట్టుంది మీ క్లీనింగ్ పేజీ.

ఎందుకంటే ఈ మెషీన్ జామ్ అయ్యేది బర్‌ల దగ్గర కాదు. గింజలు రెండు బర్‌ల మధ్య నలిగి పొడి కిందికి జారుతుంది, కింద తిరిగే రెక్కల చక్రం ఆ పొడిని పక్కకి తోస్తుంది, అక్కణ్ణుంచి గొట్టంలోకెళ్లి బయట పడాలి. ఆ గొట్టం మొదట్లోనే మీరు రబ్బరు తెర ఒకటి పెట్టారు, పొడి ముద్దలుగా పడకుండా, ఎగరకుండా. ఆ తెర దగ్గరే వస్తోంది తంటా అంతా. కాఫీ గింజలో నూనె ఉంటుంది, పొడిలో మరీ మెత్తని రజను ఉంటుంది, గింజలు నలిగేటప్పుడు రాపిడికి స్టాటిక్ కరెంట్ పుడుతుంది, ఈ మూడూ కలిసి ఆ రజను తెరకి అంటుకుంటుంది, దానిమీద ఇంకో పొర, దానిమీద ఇంకో పొర. గ్రైండ్ సెట్టింగ్ ఎస్ప్రెసో వైపు సన్నగా పెట్టేకొద్దీ రజను ఎక్కువ, గాలిలో తేమ ఉంటే ఇంకా తొందరగా గట్టిపడుతుంది. దారి సన్నబడితే పొడి వెనక్కి నిండుకుంటూ బర్‌ల దాకా వచ్చేస్తుంది, అప్పుడు మోటార్ గింజల్ని నలపడం మానేసి బిగిసిపోయిన పొడిని తిప్పడానికి తన్నుకుంటుంది. మరి ఆ తెర దాకా చెయ్యి పెట్టే దారి పై నుంచి లేదు, బయటి నుంచీ లేదు, గొట్టం మధ్యలో వంపు ఉంది, పైప్ క్లీనర్ పెట్టినా ఆ వంపు దగ్గరే ఆగిపోతుంది.

ఇదంతా ఫోన్లో చెప్తే మీ మనిషి ఇచ్చిన సలహా, గుప్పెడు బియ్యం వేసి తిప్పండి అని! మీ మాన్యువల్లో, హెచ్చరికల పేజీలో, కాఫీ గింజలు తప్ప బియ్యం లాంటివి వెయ్యొద్దు, వేస్తే వారంటీ వర్తించదు అని బోల్డ్ అక్షరాల్లో ఉంది. అది చదివి వినిపిస్తే ఆయన కాసేపు హోల్డ్‌లో పెట్టి, మ్యూజిక్ వినిపించి, వచ్చి "మా దగ్గర అలాగే రాసుందండీ" అన్నారు. మాన్యువల్ రాసినవాళ్లూ ఫోన్ ఎత్తేవాళ్లూ ఒకే కంపెనీయేనా అసలు? కాల్చిన కాఫీ గింజ పెళుసుగా ఉంటుంది, ఇట్టే విరిగిపోతుంది, బియ్యం గింజ అలా కాదు, గట్టిది, అప్పటికే లోడ్ లాగలేక ఆగిపోతున్న మోటార్ మీద ఇంకో లోడ్ పెట్టినట్టు అవుతుంది, లోపల గేర్లు ప్లాస్టిక్‌వైతే పళ్లు ఊడిపోవచ్చు కూడా. నేను వెయ్యలేదు. కానీ మీ మాట నమ్మి వేసేసినవాళ్లు ఉండే ఉంటారు, వాళ్లకి రేపు "బియ్యం వేశారు కాబట్టి వారంటీ లేదు" అని మీరే చెప్తారు.

గ్రైండర్ క్లీనింగ్ టాబ్లెట్లు వాడలేదా అని ఇంకొకరు అడిగారు. అవి పనికిమాలినవని నేననను, దారి తెరిచి ఉన్నప్పుడు అప్పుడప్పుడూ వేస్తే పాత నూనె జిడ్డు పీల్చుకుని తీసుకుపోతాయి. కానీ ఆ టాబ్లెట్ పొడి కూడా బయటికి రావాల్సింది ఆ మూసుకుపోయిన గొట్టంలోంచే కదండీ. లోపల ఇంకాస్త సరుకు కూరడమే తప్ప ఏం లాభం.

ఇక సర్వీస్ సెంటర్. మెషీన్ ఇచ్చేముందు అన్నివైపులా ఫోటోలు తీసి పెట్టుకున్నాను, అడుగున ఉన్న మీ సీల్ స్టిక్కర్‌తో సహా, సీల్ తీస్తే వారంటీ పోతుంది అని రాసుంటుందే, అదే. మెషీన్ తిరిగొచ్చింది, దాంతో ఒక కాగితం కూడా వచ్చింది. అందులో మూడు ముక్కలు రాశారు: లోపం ఏమీ కనిపించలేదు, లోపలి భాగాలు విప్పి పూర్తిగా శుభ్రం చేశాం, జిడ్డు గింజలు వాడారు కాబట్టి వారంటీ వర్తించదు. కింద సర్వీస్ చార్జీ. లోపమే లేకపోతే శుభ్రం దేన్ని చేశారో, శుభ్రం చేసేంత జామ్ ఉంటే లోపం లేకపోవడం ఏంటో నాకు అర్థం కాలేదు. గింజలు వెయ్యకుండా ఖాళీగా తిప్పి చూసి బాగానే తిరుగుతోంది అనేసినట్టున్నారు, ఖాళీగా తిప్పితే మా ఇంట్లోనూ బాగానే తిరిగేది.

డబ్బులు కట్టి తెచ్చుకుని గింజలు వేస్తే మళ్లీ అదే కథ. అప్పుడు తిప్పి అడుగు చూశాను. మీ సీల్ స్టిక్కర్ చెక్కుచెదరలేదు. కొత్తది అంటించారేమో అని ఫోటోతో పోల్చి చూశా, అదే నంబరు, మూల మీద అదే కాఫీ మరక, అదే చిన్న గీత. ఆ స్టిక్కర్ చింపకుండా అడుగు మూత ఊడదు, మూత ఊడకుండా గొట్టం దాకా చేరే దారే లేదు. మరి లోపలి భాగాలు విప్పింది ఎవరు, ఎక్కడి నుంచి విప్పారు? చెయ్యని పనికి చార్జీ వేశారు అనే మాట ఊరికే కోపంలో అనట్లేదు, మీ స్టిక్కరే సాక్ష్యం.

ఆ తర్వాత ఆ స్టిక్కర్ నేనే చింపాను, తెలిసే చింపాను, వీడియో తీస్తూ చింపాను. వారంటీ ఎలాగూ లేదని మీరే కాగితం మీద రాసిచ్చారు కాబట్టి ఇంక దాచుకోవడానికి ఏముంది. రబ్బరు కాళ్లు పీకితే వాటికింద స్క్రూలు దాక్కుని ఉన్నాయి, నక్షత్రం ఆకారంలో మధ్యలో చిన్న పుల్ల ఉండేవి, మామూలు స్క్రూడ్రైవర్‌కి లొంగవు. కింది బర్‌ని పట్టుకునే నట్టు చూస్తే ఉల్టా థ్రెడ్డు, మామూలుగా వదులు చేసే వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. మోటార్ తిరుగుడుకి వదులవ్వకూడదని అలా పెడతారు, సరే, మంచిదే, దానిమీద చిన్న బాణం గుర్తు వేస్తే మీ సొమ్మేం పోయేదండీ. అనుమానం వచ్చి నెమ్మదిగా చూసుకున్నా కాబట్టి సరిపోయింది, ఇంకొకరైతే బలం పెట్టి నట్టు తలకాయ అరగదీసేవాళ్లు.

లోపల చూస్తే గొట్టం మొదట్లో పొడి అచ్చు పోసినట్టు గడ్డకట్టి ఉంది. చెంచా వెనకవైపుతో పొడిస్తే పెళ్లలుగా ఊడింది, పై పొరలు గోధుమ రంగు, లోపలి పొరలు నల్లగా, ముక్కిపోయిన నూనె కంపు. నిన్నా మొన్నా పేరుకున్నది కాదది, ఎప్పటి నుంచో ఉన్నది. ఇంతకాలం ఈ కంపులోంచి వచ్చిన పొడితోనా కాఫీ తాగింది అనిపించి ఒళ్లు మండింది. అదంతా తీసేశాక చూస్తే ఆ రబ్బరు తెర ఒక పక్క మెత్తబడి లోపలికి ముడుచుకుపోయి ఉంది, అంటే పొడి పేరుకోవడానికి అదే అరుగు వేసిచ్చింది. దాన్ని సాపు చేసి, బ్రష్ కొట్టి, బర్ కింద ఉన్న పల్చటి వాషర్లు ఎలా వచ్చాయో అలాగే పెట్టి, అంతా బిగించి, ఖాళీగా తిప్పుతూ బర్‌లు ఒకదానికొకటి తగిలి కీచుమనే దాకా సన్నం చేసి అక్కణ్ణుంచి కొంచెం వెనక్కి తెచ్చి సెట్టింగ్ కుదుర్చుకున్నాను. ఇప్పుడు గింజలు ఎంత వేస్తే పొడి దాదాపు అంతే వస్తోంది. ఆగట్లేదు, మూలగట్లేదు. కానీ ఆ తెర మళ్లీ లోపలికి వాలుతోంది, కొత్తది వెయ్యకపోతే కొన్నాళ్లకి మళ్లీ ఇదే పని.

ఆ తెర విడిగా అమ్మండి అంటే విడిభాగం లేదు, మొత్తం గొట్టం అసెంబ్లీ కూడా స్టాక్ లేదు, కావాలంటే కొత్త మెషీన్ మీద డిస్కౌంట్ కూపన్ ఇస్తాం అన్నారు. గోరంత రబ్బరు ముక్క కోసం మోటారూ బర్‌లూ అన్నీ బాగున్న మెషీన్‌ని చెత్తలో పారెయ్యాలా? తీసేసి వాడుకోండి అని కూడా ఒకరన్నారు, తీసేస్తే స్టాటిక్‌కి పొడి చుట్టూ చిమ్ముతుంది, అది మీకూ తెలుసు, అందుకే కదా పెట్టారు.

జిడ్డు గింజలు అన్నారు కదా, దాని గురించి కూడా చెప్తా. డార్క్ రోస్ట్, అంటే బాగా ముదురుగా కాల్చిన గింజల మీదికి నూనె తేలడం మామూలే, అవి ఎక్కువ అంటుకుంటాయి, ఒప్పుకుంటా. నేను వాడేది మీడియం రోస్ట్, గింజ ఉపరితలం పొడిగా ఉంటుంది, మిగిలిన ప్యాకెట్ ఫోటో పంపాను, ఎవరూ తెరిచి కూడా చూడలేదు. అయినా డార్క్ రోస్ట్ వేస్తే ఆగిపోయే గ్రైండర్ అయితే ఆ మాట డబ్బా మీద రాయాలి. మీ డబ్బా మీద ఏముందో ఒకసారి తీసి చూడండి, నల్లగా నూనె కారుతూ తళతళా మెరిసిపోయే గింజల బొమ్మ. సన్నం సెట్టింగ్‌కి మార్చేటప్పుడు మోటార్ తిరుగుతుండగానే మార్చాలి అన్న మీ రూల్ కూడా పాటించాను, తడి గింజలు వెయ్యలేదు, ఇన్‌స్టంట్ పొడీ ఫ్లేవర్ గింజలూ వెయ్యలేదు. మళ్లీ ఆ ప్రశ్నలన్నీ మొదటి నుంచి అడగొద్దు ప్లీజ్.

నాకు కావాల్సింది చెప్తా. సర్వీస్ చార్జీ పూర్తిగా వెనక్కి ఇవ్వాలి, కూపన్‌గా కాదు, డబ్బుగా. వారంటీ వర్తించదు అన్న ఆ కాగితం రద్దు చేసి, సీల్ చింపిన కారణం చూపించకుండా మిగిలిన కాలానికి వారంటీ కొనసాగుతుందని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ రబ్బరు తెర ఒకటి పంపాలి, ఊరికే ఇస్తే సంతోషం, ఇవ్వకపోతే ధర చెప్పండి కొనుక్కుంటాను, కానీ నా ఒక్కరికే కాకుండా అందరికీ విడిభాగంగా దొరికేలా పెట్టండి. మాన్యువల్లో గొట్టం ఎలా క్లీన్ చెయ్యాలో బొమ్మలతో వెయ్యండి, ఆ ఉల్టా నట్టు సంగతి తప్పకుండా రాయండి. వాడేవాళ్లు విప్పకూడదు అనుకుంటే మాత్రం విప్పక్కర్లేకుండా ఆ తెర బయటి నుంచి ఊడొచ్చేలా డిజైన్ మార్చండి, రెండూ చెయ్యకుండా సీల్ మాత్రం అంటిస్తే ఎలా? ఫోన్లో బియ్యం వెయ్యమని చెప్పడం మాత్రం ఈరోజే ఆపించండి, దానికి డిజైన్లూ మీటింగులూ ఏం అక్కర్లేదు.

సీల్ ముందు ఫోటో, తర్వాత ఫోటో, విప్పిన వీడియో, గొట్టంలోంచి తీసిన పెళ్లల ఫోటో, మీ సర్వీస్ కాగితం, కట్టిన రసీదు అన్నీ దీనికి జత చేశాను. మెషీన్ మళ్లీ పంపమని అడగొద్దు, పంపను. జవాబు మెయిల్‌లోనే ఇవ్వండి, ఫోన్ చేసి స్క్రిప్ట్ చదివి టికెట్ క్లోజ్ చేస్తే ఇదే లేఖ, ఇవే జతలతో వినియోగదారుల కమిషన్‌లో కంప్లైంట్‌గా వేస్తాను.

ఇట్లు,
మీ గ్రైండర్ కొన్న కస్టమర్
(టికెట్ నంబర్లూ, మెషీన్ సీరియల్ నంబరూ రసీదు మీద ఉన్నాయి)