అయ్యగారి సన్మానం గురించి తల్లిదండ్రులకు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శుక్రవారం మన స్కూల్లో పాస్టరు అయ్యగారికి జరిగిన సన్మానం గురించి తరగతి గ్రూపుల్లో పెద్ద చర్చే నడుస్తోందని టీచర్లు చెప్పారు. అయ్యగారిది ఏ సంఘం (అంటే ఏ చర్చి శాఖ), మిగతా సంఘాలవాళ్లు ఎందుకొచ్చారు, క్రైస్తవులు కాని పిల్లల్ని ఎందుకు కూర్చోబెట్టారు, ఒక పూట క్లాసులు ఎందుకు ఆపారు అని అడుగుతున్నారట. రాత్రి పదకొండింటికి గ్రూపులో అడిగేకన్నా పొద్దున్నే ఆఫీసుకొచ్చి నన్నే అడిగి ఉంటే సంతోషించేదాన్ని. సరే, అందరికీ కలిపి ఇక్కడే చెబుతాను.

అయ్యగారు లూథరన్ సంఘంలో పాస్టరుగా ఈ నెల రిటైరవుతున్నారు. బైబిలు మూలభాషలైన హీబ్రూ, గ్రీకు క్షుణ్ణంగా చదివి, పాస్టర్లు కాబోయేవాళ్లకు ఏళ్ల తరబడి పాఠం చెప్పిన మనిషి. ఆయన శిష్యుల్లో బాప్టిస్టులున్నారు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లున్నారు, పెంతెకొస్తు వాళ్లూ ఉన్నారు. మన గోదావరి డెల్టాలో ఇది మామూలు విషయం కాదు, ఇక్కడ ఒక్కో ఊళ్లో ఒక్కో సంఘం. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ మన నరసాపురం, పాలకొల్లుల్లో పని మొదలుపెట్టారు, ఇక్కడి బ్రదరెన్ సంఘాల మూలం అదే. రాజమండ్రి, భీమవరం వైపు లూథరన్లు. కాకినాడలో 1874 నుంచి కెనడా బాప్టిస్టులు. ఏలూరు వైపు ఇంగ్లండు చర్చికి చెందిన ఆంగ్లికన్లు, వాళ్లే 1947లో మెథడిస్టులు తదితరులతో కలిసి సీఎస్ఐ అయ్యారు. కేథలిక్కుల మేత్రాసనం, అంటే బిషప్ పీఠం, కూడా ఏలూరులోనే ఉంది. ఒకరు పసిబిడ్డలకే బాప్తిస్మం ఇస్తారు, ఇంకొకరు ఎదిగి విశ్వాసం చెప్పుకున్నాక నీళ్లలో ముంచి ఇస్తారు. ఒకే వీధిలో రెండు మందిరాలుండీ ఒకరి గుమ్మం ఒకరు తొక్కని కుటుంబాలు మీకూ తెలుసు.

అలాంటిది శుక్రవారం ఫాదర్‌గారు, బాప్టిస్టు పాస్టరుగారు, అసలు పాస్టరు అనే హోదానే లేని బ్రదరెన్ సంఘపు పెద్ద ఒకే వరుసలో కూర్చున్నారు. ఆ పెద్దాయన లేచి, "బైబిలు వాక్యంలో చిక్కుముడి పడితే సైకిలేసుకుని ఈయన ఇంటికే వెళ్లేవాణ్ణి, నన్ను వాళ్ల సంఘంలోకి రమ్మని ఒక్కసారీ అనలేదు" అన్నారు. అయ్యగారు తల వంచుకుని కూర్చున్నారు. ఈ దృశ్యం మన పిల్లలు చూడాలనే నేను క్లాసులు ఆపించాను. మళ్లీ ఇలాంటి సందర్భం వస్తే మళ్లీ ఆపిస్తాను.

మన స్కూలుకు ఆయన చేసిన మేలు వేరే ఉంది. శనివారాలు లైబ్రరీకి వచ్చి, ఏ ఇంటి పిల్లలనైనా పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు చదివించారు. మతం మాట ఎత్తగా ఏ టీచరూ వినలేదు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలేలో వచ్చాయని, షుల్జ్ అనే మిషనరీ వేయించాడని ఒకసారి చెబుతుంటే, చించినాడ నుంచి బస్సులో వచ్చే మన ఏడో తరగతి అమ్మాయి "అక్కడ తెలుగు ఎవరు చదువుతారండీ?" అని అడిగింది. "చదివేవాళ్లు ఇక్కడ, అచ్చువేసేది అక్కడ" అని నవ్వి, బోర్డు మీద 'క'ను తిరగేసి రాసి, సీసపు అచ్చు మీద అక్షరం ఇలాగే ఉంటుందని చూపించారు. ఆ పిల్ల మర్నాడు తన పేరంతా తిరగేసి రాసుకొచ్చి, అద్దం పట్టి నాకు చదివి వినిపించింది! అలాంటి పిల్లలు మన స్కూల్లో ఉన్నందుకు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

అంత కష్టపడి అచ్చుకెక్కిన భాషను మన ఇళ్లలో పిల్లలు ఎంత చదువుతున్నారు? ఇది నేను చాలా బాధతో అడుగుతున్నాను. తొమ్మిదో తరగతికి వచ్చి కూడా ఒత్తులు కూడబలుక్కునేవాళ్లున్నారు. "మావాడికి తెలుగు రాదండీ, ఇంగ్లీషే" అని తల్లులు మురిసిపోతూ చెబుతుంటే నాకు ఏమనాలో తోచదు. ట్యూషన్ అక్కర్లేదు. రాత్రి అన్నాలయ్యాక పావుగంట, దినపత్రికో కథల పుస్తకమో పైకి చదివించండి, మీరు పక్కన కూర్చుని వినండి. ఆ పావుగంట ఫోను ఇంకో గదిలో పెట్టండి, మీది కూడా.

పాటల బృందం గురించి చెప్పకపోతే తప్పు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఊళ్లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న మన పదో తరగతి అమ్మాయి అవి చూసి తనే స్వరం కట్టుకుని మిగతావాళ్లకు నేర్పింది. ఆ అమ్మాయి ఇంట్లో పూజగది ఉంది, తంబురా పట్టుకున్న పిల్లాడు మసీదు వీధివాడు. ముందు వరుసల్లో ఫోన్లు పైకెత్తి నిలబడిన తల్లిదండ్రులకు మాత్రం ఒక మనవి: మీ వెనక కూర్చున్న చిన్నక్లాసు పిల్లలకు మీ వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. వచ్చేసారి దయచేసి కూర్చోండి.

రెండో టర్మ్ ఫీజు నెలాఖరులోగా కట్టాలి. యూనిట్ పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం. వానలకు రోడ్డు పాడవడంతో యలమంచిలి వైపు బస్సు పది నిమిషాలు ముందే బయల్దేరుతుంది. టిఫిన్ బాక్సులో చిప్స్ ప్యాకెట్లు పెట్టవద్దని మళ్లీ రాస్తున్నాను.

అయ్యగారు తన తెలుగు నిఘంటువులు, వ్యాకరణాలు మన లైబ్రరీకి ఇచ్చేశారు. కొన్నింటి కుట్లు ఊడిపోయాయి. ఈ శనివారం ఉదయం పదింటికి వాటికి అట్టలు వేస్తాం, అయ్యగారూ వస్తానన్నారు. కాగితం, జిగురు స్కూలే ఇస్తుంది, కత్తెర మాత్రం పిల్లలతో పంపండి. మీరూ వస్తే నలుగురికీ చెయ్యి సాయం అవుతుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు